సోనా మసూరి బస్తా ఎక్కడ కొంటున్నాం? హెర్న్‌డన్ నుంచి ఒక లెక్క

హెర్న్‌డన్‌లో నాకు తెలిసిన తెలుగు ఇళ్లలో నెల సరుకులన్నీ ఒకే షాపులో కొనేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు. పాలు, గుడ్లు, నూనె కాస్ట్‌కోలో. బ్రెడ్, పిల్లల స్నాక్స్ ఇంటి దగ్గరున్న జెయింట్‌లోనో, హారిస్ టీటర్‌లోనో. కొత్తిమీర, వంకాయలు కొరియన్ మార్కెట్లో చవగ్గా దొరికితే అక్కడ. గోంగూర, కరివేపాకు, కందిపప్పు, ఇడ్లీ రవ్వ కోసం ఇండియన్ స్టోర్. మర్చిపోయినవి ఫోన్‌లో ఆర్డర్. శనివారం సగం కారులోనే గడిచిపోతోంది.

దీనికి మొదటి కారణం ధరలే. అమెరికా వ్యవసాయ శాఖ లెక్కల ప్రకారం ఇంట్లో వండుకునే సరుకుల ధరలు 2022లో సగటున 11.4 శాతం పెరిగాయి. 2023లో మరో 5 శాతం, 2024లో 1.2 శాతం పెరిగాయి. "ద్రవ్యోల్బణం తగ్గింది" అని వార్తల్లో విని చాలామంది ధరలు తగ్గాయనుకుంటారు. తగ్గింది పెరిగే వేగం మాత్రమే, పెరిగిన ధర అలాగే ఉంది. వర్జీనియా ప్రభుత్వం 2023 జనవరి నుంచి ఆహార సరుకుల మీద తన వంతు 1.5 శాతం పన్ను తీసేసి, స్థానిక పన్ను 1 శాతం మాత్రం ఉంచింది. కొంత ఊరటే కానీ, ఆ పెరుగుదల ముందు అది ఏ మూలకి?

ఇక పెద్ద సూపర్‌మార్కెట్ల సంగతి చూద్దాం. మన అలవాటు మారితే వాళ్ల జాతకం మారుతుంది. కిరాణా వ్యాపారంలో వంద డాలర్ల సరుకు అమ్మితే ఖర్చులన్నీ పోగా మిగిలేది మామూలుగా ఒకటి నుంచి మూడు డాలర్లు. అంత సన్నటి లాభం మీద నడిచే షాపుకి, వారం వారం వచ్చే కుటుంబం సగం సరుకు వేరే చోట కొనడం మొదలుపెడితే దెబ్బ గట్టిగానే తగులుతుంది.

ఎక్కువ నలిగిపోతున్నది మధ్యలో ఉన్న చెయిన్లు. కింద వైపు నుంచి వాల్‌మార్ట్, ఆల్డీ, లిడిల్ ధరతో కొడుతున్నాయి. జర్మనీ కంపెనీ లిడిల్ 2017లో అమెరికాలో అడుగుపెట్టి, హెడ్ ఆఫీసు మన పక్కనే ఆర్లింగ్టన్‌లో పెట్టుకుంది. పై వైపున 2017లో అమెజాన్ 1,370 కోట్ల డాలర్లకు కొన్న హోల్ ఫుడ్స్, 2018లో చాంటిలీలో, 2023లో రెస్టన్‌లో తెరుచుకున్న వెగ్‌మాన్స్ ఉన్నాయి. ఈ రెంటి మధ్య పడి మన ప్రాంతంలో బాగా చిక్కిపోయిన పేరు షాపర్స్. 2018లో దాని మాతృసంస్థ సూపర్‌వాల్యూను యునైటెడ్ నేచురల్ ఫుడ్స్ కొంది. ఆ తర్వాత రెండేళ్లలో చాలా షాపర్స్ స్టోర్లు మూతపడ్డాయి, లేదా చేతులు మారాయి.

మధ్యలో ఉన్నవాళ్లు కలిసిపోయి బతుకుదామని కూడా చూశారు. 2022 అక్టోబరులో క్రోగర్ కంపెనీ ఆల్బర్ట్‌సన్స్‌ను 2,460 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించింది. ఇక్కడ ఆ పేర్లతో బోర్డులు కనపడవు కాబట్టి మనలో చాలామంది పట్టించుకోలేదు. కానీ హారిస్ టీటర్ క్రోగర్‌ది, సేఫ్‌వే ఆల్బర్ట్‌సన్స్‌ది. ఈ బేరం కుదిరి ఉంటే, ఇప్పుడు మన దగ్గర ఒకదానితో ఒకటి పోటీ పడుతున్న ఆ రెండు పేర్లూ ఒకే యజమాని కిందకు వచ్చేవి, లేదా కొన్ని స్టోర్లు మూడో కంపెనీకి వెళ్లేవి. పోటీ తగ్గి ధరలు పెరుగుతాయని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోర్టుకెళ్లింది. 2024 డిసెంబర్ 10న ఒరెగాన్‌లోని ఫెడరల్ జడ్జి విలీనాన్ని ఆపేశారు. మర్నాడే ఆల్బర్ట్‌సన్స్ తప్పుకుంది.

పెద్దది కాబట్టి నిలబడుతుందన్న గ్యారంటీ ఈ వ్యాపారంలో ఎప్పుడూ లేదు. 1930 ప్రాంతంలో దాదాపు 16 వేల దుకాణాలతో అమెరికాను ఏలిన ఏ అండ్ పీ, రెండు సార్లు దివాలా తీసి 2015లో కనుమరుగైంది. మన దగ్గరా ఇదే కథ. హైదరాబాద్ వాళ్లకు త్రినేత్ర గుర్తుండే ఉంటుంది. 2007లో ఆదిత్య బిర్లా గ్రూప్ కొన్నాక అది 'మోర్' అయింది. హెరిటేజ్ ఫ్రెష్ స్టోర్లు 2016లో కుదిరిన ఒప్పందంతో ఫ్యూచర్ గ్రూపుకి వెళ్లాయి. 2022 వచ్చేసరికి ఆ ఫ్యూచర్ రిటైలే దివాలా కోర్టు మెట్లెక్కింది. ఇప్పుడు అక్కడ మన వాళ్లు ఉల్లిపాయలు కూడా బ్లింకిట్, జెప్టోలలో పది నిమిషాల్లో తెప్పించుకుంటున్నారు.

కాస్ట్‌కో లెక్క మాత్రం వేరు. దాని లాభంలో పెద్ద భాగం సరుకు మీద కాదు, మన కార్డు మీద వస్తుంది. 2024 ఆర్థిక సంవత్సరంలో కంపెనీ నికర లాభం దాదాపు 737 కోట్ల డాలర్లయితే, సభ్యత్వ ఫీజుల రూపంలోనే 483 కోట్లు వచ్చాయి. అందుకే నెయ్యి, బాస్మతి, బాదంపప్పు తక్కువ మార్జిన్‌కి అమ్మినా వాళ్లకు గిట్టుబాటు అవుతుంది. ఈ వెసులుబాటు మన ఇండియన్ స్టోర్ యజమానికి లేదు.

అసలు విషయానికొద్దాం. ఇండియన్ స్టోర్‌కి మనల్ని లాక్కొచ్చేది బియ్యం బస్తా. దాని మీద వచ్చే లాభం తక్కువే. కానీ బస్తా కోసం వచ్చినవాళ్లు పోపు దినుసులు, ఆవకాయ సీసా, చేగోడీల ప్యాకెట్, కూరగాయలు కొనకుండా వెళ్లరు. ఆ చిల్లర సరుకుల మీదే షాపు అద్దె, కరెంటు, జీతాలు నడుస్తాయి. కూరగాయల్లో వాడిపోయి పారేసేది కూడా అందులోంచే భరించాలి. బస్తా ఇంకో చోటికి వెళ్లిపోతే దాని వెనకున్న బుట్ట కూడా వెళ్లిపోతుంది.

మన బియ్యం ఎంత పలచటి దారం మీద వేలాడుతోందో 2023 జులైలో చూశాం. బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని భారత ప్రభుత్వం జులై 20న నిషేధించగానే, అమెరికా అంతటా తెలుగువాళ్లు స్టోర్ల ముందు క్యూ కట్టారు. చాలా చోట్ల ఇంటికో బస్తా అని పరిమితి పెట్టారు, రేట్లు ఎగిరిపోయాయి. బాస్మతికి ఆ నిషేధం లేదు. అందుకే కాస్ట్‌కో అరలు నిండుగానే ఉన్నాయి, సోనా మసూరి తినే మన ఇళ్లలోనే కంగారు పుట్టింది. 2024 సెప్టెంబర్ 28న గానీ ఆ నిషేధం తొలగలేదు.

అది సర్దుకుందనుకుంటే ఆ తర్వాత సుంకాలు వచ్చాయి. 2025 ఆగస్టు 7న భారత సరుకుల మీద 25 శాతం, ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం కలిపి అదనపు సుంకం 50 శాతానికి చేరింది. ఇక్కడ ఒక లెక్క అందరూ తెలుసుకోవాలి. ఆ 50 శాతం పడింది దిగుమతి విలువ మీద, షెల్ఫ్ మీద అంటించిన ధర మీద కాదు. ఉదాహరణకి 20 డాలర్లకు అమ్మే బస్తా దిగుమతి విలువ 10 డాలర్లనుకోండి. సుంకం 5 డాలర్లు. అది మొత్తం మన మీద వేసినా బస్తా 25 అవుతుంది, 30 కాదు. సుంకానికి ముందే గోడౌన్‌కి చేరిన పాత స్టాకు మీదైతే ఆ ఖర్చు కూడా ఉండదు. కాబట్టి "టారిఫ్ అండీ" అని ఎవరైనా రేటు ఒకటిన్నర రెట్లు చేస్తే, ఎందుకని అడిగే హక్కు మనకుంది. పది శాతమో, ఇరవై శాతమో పెంచిన ప్రతి యజమానినీ దొంగ అనడం కూడా న్యాయం కాదు.

ఈ చర్చలో "ఎక్కడ చవకైతే అక్కడ కొంటాం, ఇందులో సెంటిమెంట్ ఎందుకు?" అనేవాళ్లున్నారు. ఆ మాటలో తప్పు లేదు. ఇల్లు గడవాలి. 2025లో ఫెడరల్ ఉద్యోగాల కోతలతో, ఆ ఏడాది అక్టోబర్ 1న మొదలైన షట్‌డౌన్‌తో నార్తర్న్ వర్జీనియాలో చాలా ఇళ్లు చెయ్యి బిగించి ఖర్చు పెట్టాయి. పక్క షాపుని నిలబెట్టడం కోసం ఎక్కువ పెట్టి కొనమని వాళ్లకు ఎవరూ చెప్పలేరు.

అయితే చవక అంటే ఏమిటో సరిగ్గా లెక్కేసుకోవాలి. కాస్ట్‌కో మామూలు కార్డు 65 డాలర్లు, ఎగ్జిక్యూటివ్ కార్డు 130. ఆ పైన కట్టే 65 డాలర్లు రెండు శాతం రివార్డుగా వెనక్కి రావాలంటే ఏడాదికి 3,250 డాలర్లు, అంటే నెలకు 270 డాలర్ల దాకా అక్కడ కొనాలి. ఇద్దరే ఉన్న ఇంటికి అది అవసరమా? పెద్ద ప్యాక్‌లో కొన్న పాలకూర సగం చెత్తబుట్టలోకి వెళ్తే అది చవక కాదు. బస్తా ధర కాకుండా పౌండు ధర చూడాలి. డెలివరీ యాప్‌లో కొన్ని స్టోర్లు షెల్ఫ్ కంటే ఎక్కువ రేటు పెడతాయి, దాని మీద ఫీజు, టిప్పు కూడా కలుపుకోవాలి.

ఇంకో లెక్క కూడా ఉంది. అది రసీదు మీద కనపడదు. కారు లేని మాస్టర్స్ విద్యార్థికి, విజిటర్ వీసా మీద వచ్చి ఆరు నెలలు ఉండే అమ్మానాన్నలకు ఇండియన్ స్టోర్ అంటే సరుకుల కొట్టు మాత్రమే కాదు. అద్దెకు గది, కార్‌పూల్, సంగీతం క్లాసు, పూజకు పంతులుగారి నంబర్, అన్నీ అక్కడి నోటీసు బోర్డు మీదే దొరుకుతాయి. మా అత్తగారు ఇక్కడికొస్తే ఒంటరిగా ధైర్యంగా తిరిగే చోటు అదొక్కటే. ఏది ఎక్కడుందో తెలుగులో అడగొచ్చు, తెలుగులో బేరమాడొచ్చు.

అందుకే నా అభిప్రాయం ఇది. పాలు, గుడ్లు, నూనె, బాదం ఎక్కడ చవకైతే అక్కడ కొనండి. పెద్ద కంపెనీలకు మన సానుభూతి అక్కర్లేదు, వాళ్ల పోటీ వల్ల మనకు లాభమే. బియ్యం, పప్పులు, పొడులు మాత్రం పౌండుకి కొద్ది సెంట్ల తేడాయే ఉంటే దగ్గరున్న చిన్న స్టోర్‌లో కొనండి. తేడా ఎక్కువైతే యజమానిని మొహమాటం లేకుండా అడగండి. నాలుగు కుటుంబాలు అడిగితే రేటు తగ్గించినవాళ్లను నేనే చూశాను. దీపావళి వారంలో స్టోర్ కిటకిటలాడుతుంది, అది చూసి వ్యాపారం బ్రహ్మాండంగా ఉందనుకోవద్దు. షాపు నిలబడేదీ, మూతపడేదీ పండగ లేని ఫిబ్రవరి మంగళవారాల్లో వచ్చే గిరాకీని బట్టే.