గలగలమనే టైమింగ్ చైన్

1980లలో, 1990ల తొలి సగంలో అమెరికాలో అమ్ముడైన టొయోటా పికప్‌లలో చాలావాటికి 22ఆర్ కుటుంబం ఇంజినే ఉండేది. నాలుగు సిలిండర్లు, 2,366 సీసీ, పోత ఇనుప బ్లాకు, పైన అల్యూమినియం హెడ్. శక్తి తక్కువే, నిండు లోడుతో ఎత్తు ఎక్కాలంటే రొప్పుతుంది. అయినా లోపలి భాగాలు దిట్టమైనవి కాబట్టి లక్షల మైళ్లు తిరిగిన బళ్లు నేటికీ నడుస్తున్నాయి.

దీని అసలు బలహీనత టైమింగ్ చైన్ దగ్గరుంది. 1980ల మధ్యకు రెండు వరసల చైన్ పోయి ఒంటి వరస చైన్, ప్లాస్టిక్ గైడ్లు వచ్చాయి. ఏళ్లు గడిచేకొద్దీ ప్లాస్టిక్ పెళుసెక్కి విరుగుతుంది. ఆసరా పోయిన చైన్ ఊగుతూ అల్యూమినియం కవరును ఒరుసుకుంటుంది. కవరుకు చిల్లి పడితే కూలెంట్ ఆయిల్లో కలిసి బేరింగులు పాడవుతాయి. హెచ్చరిక ముందు చెవికే అందుతుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే ముందువైపు గలగలమంటుంది. ఆయిల్ ప్రెషర్ అందాక టెన్షనర్ బిగిసి ఆ చప్పుడు సద్దుమణుగుతుంది. సద్దుమణిగింది కదా అని వదిలేయడమే పెద్ద పొరపాటు. ఉక్కు వెన్నున్న గైడ్లతో కొత్త కిట్ వేయిస్తే చాలాకాలం చింత ఉండదు.

వాల్వ్ గ్యాప్‌ను మాత్రం ఫీలర్ గేజితో అప్పుడప్పుడూ సరిచూడాల్సిందే. కాస్త టకటకమన్నా ఫరవాలేదు. బిగుతైతే ఎగ్జాస్ట్ వాల్వ్ పూర్తిగా మూసుకోక కాలిపోతుంది.

 ఇంజిన్ ఎంత బాగున్నా, మంచు ప్రాంతాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పు ఛాసిస్‌ను లోపలినుంచి తినేస్తుంది. అందుకే అక్కడి బండిని కొనేముందు ఛాసిస్ పొడవునా సుత్తితో తట్టి చూస్తారు.