తొలగిన కీడు ఎవరిపై బడును?

సెలవులు ముగిసి విద్యార్థులు తిరిగి వచ్చినది మొదలు వారి సంభాషణలలో కొరియా దేశపు నాటకముల ప్రస్తావన తరచుగా వినబడుచున్నది. వీనిని పిల్లలు చూడవచ్చునా యని కొందరు తలిదండ్రులు మమ్మడిగియున్నారు. చూడకయే తీర్పు చెప్పుట న్యాయము గాదు. కావున పై తరగతుల బాలికలు మిక్కిలి కొనియాడిన ‘మ్యారీ మై హస్బెండ్’ అను టెలివిజన్ నాటకమును మేమును మొదటినుండి తుదివరకు చూచితిమి. అది పదునారు భాగముల కథ. సమాధానపత్రములు దిద్దవలసిన రాత్రులు కొన్ని దీనికే వ్యయమయ్యెనని యొప్పుకొనక తప్పదు.

ఇది 2024వ సంవత్సరము జనవరి, ఫిబ్రవరి మాసములలో కొరియాలోని టీవీఎన్ ప్రసారము చేసిన నాటకము. అంతర్జాలమున వెలువడిన యొక నవల దీనికి మూలము. కథానాయిక కాంగ్ జీ-వన్. ఆమె సంపాదనపై బ్రదుకుచు ఆమెనే హీనముగా జూచు భర్త పార్క్ మిన్-హ్వాన్. చిన్ననాటి చెలికత్తె జంగ్ సూ-మిన్. ఉదరమున పుట్టిన క్యాన్సరుచే మరణమునకు సిద్ధముగానున్న జీ-వన్ ఒకనాడు ఆసుపత్రినుండి ఇల్లు చేరి, ఆ యిద్దరును తన శయ్యాగృహముననే కలిసియుండుట చూచును. తాను చచ్చినచో వచ్చు భీమాధనమును గూర్చి వారాడుకొను మాటలును ఆమె చెవిని బడును. పెనుగులాటలో భర్త త్రోయగా గాజుబల్లపై బడి ప్రాణము విడుచును. కన్నులు తెరచునప్పటికి పది సంవత్సరములు వెనుకకు, అనగా 2013వ సంవత్సరమునకు, వచ్చియుండును. అప్పటికింకను వివాహము కాలేదు.

ఇంతవరకు కథ పాతదే. మనకు క్రొత్తగా దోచునది దీనిలోని యొక నియమము. తొలి జన్మమున జరిగినది మరల జరిగియే తీరవలెను. అయితే జరుగవలసినది వేరొకరికి జరుగవచ్చును. కీడు నశింపదు, చేతులు మాత్రము మారును. ఇది గ్రహించిన జీ-వన్ తన దుర్దశను సూ-మిన్ తలపై బెట్టుటకై, ఆ భర్తను ఆమెకే కట్టబెట్టుటకు పూనుకొనును. నాటకపు పేరునకు అర్థ మిదియే.

చూచువారు చప్పట్లు గొట్టునది ఈ ప్రతీకారమునకే. ద్రోహు లిద్దరును పెండ్లాడి, ఒకరినొకరు పీడించుకొని, తుదకు సూ-మిన్ చేతనే మిన్-హ్వాన్ జీ-వన్ చచ్చిన విధముననే చచ్చును. సూ-మిన్ కారాగృహము పాలగును. జీ-వన్ చేతికి నెత్తురంటలేదనియు, దుష్టులు తమ స్వభావముచేతనే చెడిరనియు నాటకకర్తల వాదము. దీనిని మేము పూర్తిగా నంగీకరింపజాలము. ఆ బల్ల యెవరి చావునో కోరుచున్నదని జీ-వన్ ఎరుగును. ఎరిగియే ఆ గడప వారికి చూపెను.

ఈ లెక్కలో తప్పు దొరలునని చూపు ఘట్టము నాటకముననే కలదు. అదియే మాకు అన్నింటికంటె శ్రేష్ఠముగా దోచినది. జీ-వన్‌తో గూడ పనిచేయు యాంగ్ జూ-రన్ అను సాధ్వి యున్నది. ఆమె యెవరికిని కీడు చేసినది కాదు. పైగా ఆమెకును ద్రోహియైన భర్తయే దొరికెను. సూ-మిన్‌కు రావలెనని జీ-వన్ తలచిన రోగము ఈ జూ-రన్‌కు వచ్చును. ఆ సంగతి తెలిసినప్పుడు జీ-వన్ ముఖమున గనుపించు భయము వర్ణింప నలవిగాదు. పార్క్ మిన్-యంగ్ నటన యచ్చట మిక్కిలి మెచ్చదగినది. తాను గురిపెట్టిన బాణము త్రోవన బోవువారికి దగిలినదని యామెకు తోచినది. కాని రచయితలకు ధైర్యము చాలలేదు. రోగము తొలిదశలోనే బయటపడినదనియు, శస్త్రచికిత్సచే జూ-రన్ కోలుకొన్నదనియు త్వరత్వరగా జెప్పి, మరల ప్రతీకారపు బాటనే పట్టిరి. ఆ భయమును ఇంకను రెండు భాగములు నిలిపియుండినచో ఈ నాటకము గొప్పదయ్యెడిది.

సంస్థాధిపతి మనుమడైన యూ జీ-హ్యోక్ అడుగడుగునను వచ్చి జీ-వన్‌ను రక్షించుట కూడ మాకు రుచింపలేదు. ధనవంతుని యండ లేనిచో రెండవ బ్రదుకును వ్యర్థమేనా?

ఆమె తన నోటితో దిద్దుకొన్న పాత తప్పొకటి యున్నది. పూర్వసహాధ్యాయుల సమావేశమునకు జీ-వన్ తల యెత్తి పోవును. బడిలో సూ-మిన్ తనను గూర్చి పుట్టించిన యసత్యములను నలుగురి యెదుట బయటబెట్టును. అక్కడ ఎవరును చావరు, ఎవరి రోగమును మరియొకరికి పోదు. విన్నవారు తల వంచుకొందురు, అంతే. ఇతరుల మాట విని యొక పిల్లను వెలివేసిన తరగతి యది. ఆ దృశ్యము వచ్చినప్పుడు మాతో గూడ చూచుచున్న బాలికలు మాటలాడుట మానిరి. ఎందుకో మేమడుగలేదు.

తలిదండ్రుల ప్రశ్నకు మా యుత్తరము: హత్యయు, దాంపత్యద్రోహమును విస్తారముగా నున్నవి గనుక చిన్నవారికి ఇది తగదు, పై తరగతులవారు పెద్దలతో గూర్చుండి చూడవచ్చును. చూచిన పిమ్మట వారిని జూ-రన్ గూర్చి యడుగుడు. మిన్-హ్వాన్ ఎట్లు చచ్చెనో అడుగకయే చెప్పుదురు.