ఉర్దూ మీడియం పోస్టు ఖాళీ: తప్పు అభ్యర్థులది కాదు, రోస్టర్‌ది

డీఎస్సీ ముగిసిన ప్రతిసారీ ఉర్దూ మీడియం పోస్టులు కొన్ని మిగిలిపోతాయి. ‘అర్హులైన అభ్యర్థులు లేరు’ అని వార్తల్లో ఒక లైను వస్తుంది. అది చదివి మనవాళ్లే “మన పిల్లలు చదవరు, ఇంక ఉద్యోగాలెలా వస్తాయి” అనేస్తారు. అదే జిల్లాలో డీఎడ్ చేసి, టెట్ పాసై, ఉర్దూ మీడియంలో మంచి ర్యాంకు తెచ్చుకున్న అమ్మాయిలు ఇంట్లో ట్యూషన్లు చెప్పుకుంటుంటారు. పోస్టూ ఉంది, మనిషీ ఉంది. మధ్యలో రోస్టర్ ఉంది.

తెలంగాణలో 2024 డీఎస్సీకి 11,062 పోస్టులు ప్రకటించారు. వాటిలో 6,508 ఎస్జీటీలు. ఇలాంటి అంకె వినడానికి పెద్దదే గానీ, దాన్ని ముందు జిల్లాల వారీగా, తర్వాత సబ్జెక్టు, మీడియం వారీగా విడగొడతారు. చివరికి ఒక జిల్లా ఉర్దూ మీడియం వాటాకి రెండో మూడో పోస్టులు మిగలొచ్చు. ఆ రెండు మూడింటికీ మళ్లీ రోస్టర్ వర్తిస్తుంది.

నూరు పాయింట్ల లెక్క చూడండి. ఎస్సీలకు 15, ఎస్టీలకు 10 (ఏపీలో 6), బీసీ ఏ, బీ, సీ, డీలకు కలిపి 25. అంటే తెలంగాణలో సరిగ్గా సగం. మనకున్న బీసీ-ఈ వాటా 4. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తర్వాతి సవరణల ప్రకారం ఎస్సీ హోదా హిందువులు, సిక్కులు, బౌద్ధులకే. కాబట్టి ఉర్దూ మీడియం ఎస్సీ పోస్టు ముస్లిం అభ్యర్థికి చట్టప్రకారమే రాదు. ఉర్దూ మీడియంలో చదివిన ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులు చాలా చాలా తక్కువ. బీసీ-బీలో దూదేకుల వాళ్లున్నారు కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే, కానీ వాళ్లలో చాలా ఇళ్లలో మాట్లాడేదీ చదివేదీ తెలుగే.

పైగా రోస్టర్ ప్రతిసారీ ఒకటో నంబరు నుంచి మొదలవదు. పోయినసారి ఆగిన చోటి నుంచే నడుస్తుంది. జిల్లాకు వచ్చిన రెండు పోస్టులూ రిజర్వు పాయింట్ల మీదే పడ్డాయంటే, ఆ జిల్లాలో ఉర్దూ మీడియం టాపర్‌కి కూడా ఉద్యోగం లేదు.

భర్తీ కాని పోస్టును తర్వాతి నోటిఫికేషన్‌కి జరుపుతారు. అకౌంట్స్ చదివినవాళ్లకు ఇది తెలిసిన వ్యవహారమే. రాని బాకీని ఏటా పద్దులో ముందుకు రాసుకుంటూ పోవడం లాంటిది. కాగితం మీద ఉంటుంది, చేతికి రాదు. ఆ ‘తర్వాత’ ఎప్పుడు? తెలంగాణలో 2017 తర్వాత 2024. ఏపీలో 2018 తర్వాత 2025. 2017లో ఒకటో తరగతిలో చేరిన పిల్లాడు 2024కి ఎనిమిదిలో ఉంటాడు. ప్రైమరీ మొత్తం ఆ టీచర్ లేకుండానే దాటేశాడన్న మాట.

విద్యాహక్కు చట్టం 26వ సెక్షన్ ప్రకారం ఏ బడిలోనూ మంజూరైన పోస్టుల్లో పది శాతానికి మించి ఖాళీలు ఉండకూడదు. అరవై మంది లోపు పిల్లలున్న ప్రైమరీ బడికి ఇద్దరు టీచర్లు ఉండాలి. ఆ ఇద్దరిలో ఒక పోస్టు ఖాళీ అయితే అది పది కాదు, యాభై శాతం. ఉన్న ఒక్కరూ ఐదు తరగతులు చెప్పాలి, మధ్యాహ్న భోజనం చూడాలి, మీటింగులకు వెళ్లాలి. తల్లిదండ్రులు కొన్నాళ్లు చూస్తారు, తర్వాత పిల్లల్ని దగ్గర్లోని ప్రైవేటు బడికి మార్చేస్తారు. వాళ్లను తప్పుపట్టలేం. కానీ అప్పుడు రేషనలైజేషన్ ఫైలు కదులుతుంది. ‘ఇక్కడ పిల్లలు తక్కువ, పోస్టు అక్కర్లేదు’ అంటారు. ఖాళీ వల్ల పిల్లలు పోయారు, పిల్లలు పోయారని పోస్టు పోయింది!

దీనికి దారి ఎస్సీ, ఎస్టీ, బీసీల వాటా తగ్గించడం మాత్రం కాదు. వాట్సాప్ గ్రూపుల్లో కొందరు అలా రాస్తున్నారు, అది న్యాయం కాదు, మనకు మంచిదీ కాదు. వాళ్ల ఉద్యోగాలు కూడా ఉర్దూ మీడియంలో ఇరుక్కుని ఎవరికీ అందకుండా పోతున్నాయి. అడగాల్సింది మార్పిడి. ఉర్దూ మీడియంలో భర్తీ కాని రిజర్వు పాయింట్లను అదే జిల్లాలో అదే కేడర్ తెలుగు మీడియం పోస్టులకు మార్చి, అక్కడి నుంచి అన్ని ఓపెన్ పాయింట్లను ఇటు తేవాలి. మొత్తం లెక్కలో ఏ వర్గానికీ ఒక్క పోస్టు తగ్గదు. అధికారులు రోస్టర్ రూల్స్ చూపిస్తారు. రూల్స్ ప్రభుత్వం రాసినవే, సవరించే అధికారమూ దానిదే. ఉర్దూ తెలంగాణలో 2017 నుంచి, ఏపీలో 2022 నుంచి రాష్ట్రమంతటా రెండో అధికార భాష అని చట్టాలు కూడా చేశారు.

తల్లిదండ్రులుగా మనం చేయగలిగింది ఉంది. మీ బడికి మంజూరైన పోస్టులెన్ని, ఖాళీ ఎన్ని, ఆ ఖాళీ ఏ కేటగిరీ కింద ఉందో రాతపూర్వకంగా అడగండి. హెడ్మాస్టరు చెప్పకపోతే డీఈఓ ఆఫీసులో సమాచార హక్కు కింద పది రూపాయలతో దరఖాస్తు పెట్టొచ్చు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. దాన్ని పట్టుకుని నోటిఫికేషన్ రాకముందే ఎమ్మెల్యేనీ, కలెక్టర్‌నీ కలవాలి. నోటిఫికేషన్ వచ్చాక అయితే, ‘రోస్టర్ ఖరారైపోయింది, ఇప్పుడేం చేయలేం’ అంటారు.