పైసలెందుకు కట్ అయినయ్?

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఏ బ్యాంకు శాఖకు వెళ్లినా, కౌంటర్ పక్కన కాసేపు నిలబడితే ఈ ప్రశ్న వినిపిస్తుంది: ‘సారూ, నా పైసలెందుకు కట్ అయినయ్?’ అడిగే మనిషి చేతిలో పాస్‌బుక్ ఉంటుంది. మిషన్ అచ్చుకొట్టిన వరుసల్లో పొట్టి పొట్టి ఇంగ్లిష్ అక్షరాలు, వాటి పక్కన పదిహేడు రూపాయలో, ఇరవయ్యో, నాలుగు వందల చిల్లరో. ‘సిస్టమ్ల కట్ అయిందమ్మా’ అన్న జవాబుతో ముచ్చట ముగుస్తుంది. వెనక నిలబడ్డాయన ‘జర జరుగమ్మా’ అంటాడు. ఆమె జరుగుతుంది.

బ్యాంకుల మీద జనానికున్న కోపంలో చార్జీల వాటా ఎంత, జవాబు దొరక్కపోవడం వాటా ఎంత అని తూచి చూస్తే, రెండోదే ఎక్కువ మొగ్గుతుంది. గిర్నీలో పిండి పట్టించినా, ఆర్టీసీ బస్సెక్కినా డబ్బులిచ్చే అలవాటున్న జనమే. ఇస్తున్నది దేనికో తెలిస్తే చాలు. అడగకుండా తీసుకుని, అడిగినా చెప్పకపోవడమే కష్టం.

ఈ ప్రాంతానికి ఈ కష్టం గట్టిగా తెలిసొచ్చిన తేదీ 2017 ఏప్రిల్ 1. నిజాం సంస్థానంలో 1941లో పుట్టి, ఉస్మానియా సిక్కా కాలం చూసి, 1956లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌గా పేరు మార్చుకున్న బ్యాంకు ఆ రోజు భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. ఎస్‌బీహెచ్ బోర్డులు దిగాయి. అదే రోజు నుంచి స్టేట్ బ్యాంకు, 2012లో తాను ఎత్తేసిన కనీస నిల్వ జరిమానాను తిరిగి తెచ్చింది. మహానగరాల్లో రూ.5,000, నగరాల్లో రూ.3,000, చిన్న పట్టణాల్లో రూ.2,000, పల్లెల్లో రూ.1,000 నెలసరి సగటు నిల్వ ఉండాలన్నది. రెండు నిర్ణయాలకూ ఒకదానితో ఒకటి సంబంధం లేకపోవచ్చు. కానీ పాత బ్యాంకు ఖాతాదారుకు రెండూ ఒకే ఉదయం వచ్చిపడ్డాయి. మన బ్యాంకు పోయింది, వచ్చిన బ్యాంకు జేబులో చెయ్యి పెట్టింది అనుకున్నవారిని తప్పుపట్టలేం.

ఆ సగటు లెక్క ఎలా కట్టేవారో చూస్తే పల్లె మనిషి ఎక్కడ చిక్కుకున్నాడో తెలుస్తుంది. రోజూ సాయంత్రానికి ఖాతాలో మిగిలినదాన్ని కూడి, నెలలో ఎన్ని రోజులుంటే అంతతో భాగిస్తారు. ముప్పై రోజుల నెలలో ఒకే ఒక్క రోజు ముప్పై వేలు ఉంచి మర్నాడు అంతా ఊడ్చుకుపోయినా సగటు వెయ్యి వస్తుంది. నెల పొడవునా తొమ్మిది వందలు ముట్టుకోకుండా దాచుకున్న కూలి మనిషికి సగటు తొమ్మిది వందలే. పల్లె శాఖ లెక్కలో మొదటివాడు గట్టెక్కుతాడు, రెండో మనిషి జరిమానా కడుతుంది. పొదుపు ఖాతాలో పొదుపు చేసినందుకే దండుగ పడటం ఎందుకో ఏ కౌంటర్‌లోనూ ఎవరూ చెప్పలేదు.

ఇంకో మెలిక శాఖ ఎక్కడుందన్నది. లక్ష నుంచి పది లక్షల లోపు జనాభా ఉన్న ఊరు బ్యాంకుల లెక్కలో నగరం. 2011 జనగణన నాటికే నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) రెండూ లక్ష దాటాయి. కనగల్ నుంచో, హన్వాడ నుంచో జిల్లా కేంద్రానికొచ్చి ఖాతా తెరిచిన రైతు ఉండేది పల్లెలో, పండించేది పల్లెలో. ఆయన ఖాతా మాత్రం నగరవాసి. ఊళ్లో బ్యాంకు లేక పట్నం వచ్చినందుకు ఆయన వెయ్యికి బదులు మూడు వేలు ఉంచాల్సి వచ్చింది.

ఆ ఏడాది ఏప్రిల్ నుంచి నవంబరు వరకు స్టేట్ బ్యాంకు ఈ పద్దు కింద దేశమంతటా వసూలు చేసింది రూ.1,771 కోట్లు. జూలై నుంచి సెప్టెంబరు వరకు మూడు నెలల్లో బ్యాంకు సంపాదించిన నికర లాభం రూ.1,581 కోట్లు. ఎనిమిది నెలల వసూలును మూడు నెలల లాభంతో పోల్చకూడదన్న మాట నిజమే అయినా, ఆ రెండు అంకెలు పక్కపక్కన కనబడగానే దేశం ఉలిక్కిపడింది. తర్వాత బ్యాంకు ఒక్కో మెట్టూ దిగింది. పింఛన్‌దారులకు, ప్రభుత్వ సాయం అందుకునే ఖాతాలకు మినహాయింపునిచ్చింది. 2018 ఏప్రిల్‌లో జరిమానాలు బాగా తగ్గించింది. 2020 మార్చిలో కనీస నిల్వ నిబంధననే పూర్తిగా తీసేసింది. 2025లో కెనరా, పంజాబ్ నేషనల్, యూనియన్, బరోడా బ్యాంకులూ అదే దారి పట్టాయి. అదే ఏడాది ఆగస్టులో ఐసీఐసీఐ బ్యాంకు మహానగరాల్లో కొత్త ఖాతాలకు కనీస నిల్వను యాభై వేలు చేసి, గొడవ కాగానే పదిహేను వేలకు దించింది. జనం అడిగితే బ్యాంకులు వింటాయనడానికి ఇవన్నీ సాక్ష్యాలే. కాకపోతే వినడానికి దేశమంతా అరవాల్సి వచ్చింది.

కనీస నిల్వ గొడవ సద్దుమణిగినా ప్రశ్న ఆగలేదు. ఏటీఎం కార్డుకు ఏడాది రుసుము, మెసేజ్‌లకు రుసుము, ఉచిత పరిమితి దాటి డబ్బు తీస్తే 2025 మే నుంచి రూ.23 వరకు రుసుము. ఇవిగాక ఏటా మే చివర్లో వచ్చే రెండు కోతలు ఒకటి రూ.436, మరొకటి రూ.20. ఆ రెండింటి గురించి కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి.

అవి చార్జీలు కావు, బీమా ప్రీమియంలు. రూ.436 ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమాకు: ఏ కారణంగా మరణించినా కుటుంబానికి రెండు లక్షలు. రూ.20 సురక్షా బీమాకు: ప్రమాదంలో మరణించినా, పూర్తిగా వైకల్యం వచ్చినా రెండు లక్షలు. ముంబయి, పుణె భవనాల మీద ఇటుకలు మోసే పాలమూరు కూలీకి ఇరవై రూపాయలకు ఇంతకన్నా మంచి బేరం దొరకదు. కానీ ఖాతా తెరిచిన నాడు పెట్టిన సంతకాల్లోనో, వేలిముద్రల్లోనో దానికీ ఒకటి పెట్టేశాడు. ఏడాదికోసారి ఇరవై పోతుంటే బ్యాంకోళ్లు కోస్తున్నారనుకున్నాడు. ఇంట్లోనూ అలాగే చెప్పాడు. రేపు ఆ మనిషి సారువ మీది నుంచి పడిపోతే, శవం ఊరికి చేరాక, భార్య బ్యాంకుకు వెళ్లి ఏమని అడుగుతుంది? ఉందని తెలియని బీమాను అడిగేదెవరు? కోతకు కారణం చెప్పకపోతే పోయేది ఇరవై రూపాయలే కాదు, ఆ ఇంటికి రావలసిన రెండు లక్షలు కూడా.

చెప్పే మనిషి కూడా ఈ ఇరవై ఏళ్లలో దూరమవుతూ వచ్చాడు. నల్లగొండ వైపు నాగార్జున, పాలమూరు వైపు సంగమేశ్వర గ్రామీణ బ్యాంకులుండేవి. 2006లో అవి మరో మూడింటితో కలిసి వరంగల్ కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు అయ్యాయి. 2025 జనవరి 1న ఆ బ్యాంకు తెలంగాణ శాఖలు హైదరాబాద్ కేంద్రంగా ఉన్న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. ఊరివాళ్లు మాత్రం మొదటి నుంచీ ‘గ్రామీణ బ్యాంకు’ అనే అంటున్నారు కాబట్టి పేరుతో వారికి పెద్ద తేడా లేదు. విలీనాల వెనక ఖర్చు తగ్గించే లెక్కలున్నాయి, వాటిని కాదనలేం. అయితే సంగమేశ్వర బ్యాంకు ఖాతాదారు మేనేజరు మాట నచ్చకపోతే పాలమూరు పట్నంలోనే పైవాళ్లను కలిసేవాడు. ఇప్పుడు పైవాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారు, కోత పెట్టేది ఎక్కడో ఉన్న కంప్యూటర్. శాఖలో కూర్చున్న క్లర్కుకు కూడా ఆ పొట్టి అక్షరాల అర్థం ఒక్కోసారి తెలియదు.

క్లర్కును దోషిని చేయడం తేలిక, న్యాయం మాత్రం కాదు. రైతు భరోసా పడిన వారం, పింఛను వారం, ఉపాధి కూలీ డబ్బులు పడిన రోజు ఏ మండల కేంద్రం శాఖలోనైనా ఇద్దరు ముగ్గురు మనుషులు వందల మందిని చూసుకోవాలి. ఆ పని మధ్యలోనే బీమా టార్గెట్లు, బంగారు రుణాల టార్గెట్లు, రెండేళ్లకో మూడేళ్లకో బదిలీ. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన ఉద్యోగికి భాష తెలియకపోతే ‘లంచ్ తర్వాత రండి’ అన్నదొక్కటే నోటికి వచ్చే తెలుగు అవుతుంది. ఖాతా నడపడానికి బ్యాంకుకూ ఖర్చవుతుందన్నది నిజం. ఆ ఖర్చును ఎవరి దగ్గర, ఎలా రాబట్టాలన్న దగ్గరే పేచీ. ప్రాథమిక పొదుపు ఖాతాల్లో నెలకు నాలుగు సార్లు దాటి చేసిన ప్రతి చెల్లింపుకూ స్టేట్ బ్యాంకు రూ.17.70 చొప్పున కోసిందని, ఐదేళ్లలో అలా రూ.300 కోట్లకు పైగా వచ్చిందని ఐఐటీ బొంబాయి అధ్యయనం 2021లో చెప్పింది. పేదల కోసమే పెట్టిన ఖాతాలవి.

నిజానికి ఖాతాదారు పక్షాన నిబంధనలు తక్కువేమీ లేవు. కనీస నిల్వ తగ్గితే ముందు తెలియజేసి, నెల గడువిచ్చాకే జరిమానా వేయాలి. జరిమానా వల్ల ఖాతా సున్నా కిందికి పోకూడదు. ఏటీఎం నోట్లివ్వకుండా ఖాతాలో కోస్తే ఐదు రోజుల్లో తిరిగి వేయాలి, ఆలస్యమైతే రోజుకు వంద చొప్పున అడగకుండానే కట్టివ్వాలి. వలసపోయి రెండేళ్లు ముట్టుకోని ఖాతా నిద్రలోకి పోతే, దాన్ని లేపడానికి రుసుము తీసుకోకూడదు, కనీస నిల్వ జరిమానా వేయకూడదు. బ్యాంకుకు రాసిచ్చిన ఫిర్యాదుకు ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పైసా ఖర్చు లేకుండా చెప్పుకోవచ్చు. వివరాలకు 14448 నంబరుంది. శాఖలో బోర్డులు, ఫారాలు స్థానిక భాషలోనూ ఉండాలనీ రిజర్వ్ బ్యాంకు ఎప్పుడో చెప్పింది. వీటిలో ఏ ఒక్కటైనా దేవరకొండ సంతలోనో, నారాయణపేట బస్టాండులోనో పదిమందిని అడిగి చూడండి, ఎందరికి తెలుసో.

చేయాల్సినవి చిన్న పనులే. పాస్‌బుక్‌లో కోత పక్కన పొట్టి ఇంగ్లిష్ అక్షరాలకు బదులు ‘కార్డు రుసుము’, ‘ప్రమాద బీమా’ అని తెలుగులో అచ్చేయడం ఈ కాలం కంప్యూటర్‌కు కష్టం కాదు. పది రకాల కోతలనూ వాటి కారణాలనూ పెద్దక్షరాలతో రాసి గోడకు అతికించవచ్చు. 2025 జూలై నుంచి కొన్ని నెలల పాటు జన్‌ధన్ ఖాతాల కేవైసీ కోసం బ్యాంకులు గ్రామ పంచాయతీల్లో శిబిరాలు పెట్టాయి. ఆధార్ కాగితం కోసం ఊరికి రాగలిగిన బ్యాంకు, ఏడాదికోసారి పాస్‌బుక్ చదివి చెప్పడానికీ రాగలదు. మహిళా సంఘాల్లో లెక్కలు రాసే ఆడపిల్లలకు రెండు రోజులు నేర్పితే, ఊళ్లో సగం పాస్‌బుక్‌లు వాళ్లే చదివి పెడతారు. ఖాతాదారులు కూడా నోటి మాటతో ఆగకుండా తెల్ల కాగితం మీద నాలుగు ముక్కలు రాసి, నకలు మీద ముద్ర వేయించుకోవడం అలవాటు చేసుకోవాలి. ముప్పై రోజుల లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.

ఈ నేలకు అప్పుల చరిత్ర తెలుసు. నాగు పేరిట కరువులో గింజలిచ్చి, కోతల్లో అంతకంత కొలిపించుకున్న దొరల కాలంలో లెక్క దొర గుమాస్తా రాసేవాడు. ఎంత ఇచ్చావు, ఎంత పట్టుకున్నావు అని అడిగే దమ్ము రైతుకుండేది కాదు. 1940లలో నల్లగొండ ఎదురు తిరిగిన కారణాల్లో వెట్టితో పాటు ఆ వడ్డీలూ ఉన్నాయి. తర్వాత పదేళ్లకు, 1955లో స్టేట్ బ్యాంకును ఏర్పాటు చేసినప్పుడు ఐదేళ్లలో 400 కొత్త శాఖలు తెరవాలని దానికి బాధ్యత పెట్టింది, పల్లెను వడ్డీ వ్యాపారి చేతిలోంచి తప్పించడానికే. వడ్డీ తక్కువన్నది ఒక్కటే బ్యాంకుకూ షావుకారుకూ తేడా కాదు. బ్యాంకులో లెక్క అడగొచ్చు, జవాబు చెప్పి తీరాలి. ఇరవై రూపాయల లెక్కకు జవాబు దొరకని మనిషి రేపు ఇరవై వేల అవసరానికి బ్యాంకు మెట్లెక్కడు. వీధి చివర ఫైనాన్స్ వాడి దగ్గరికి పోతాడు. ఆ తర్వాత అతని దగ్గర పోయేదాన్ని ఏ పాస్‌బుక్కూ చూపించదు.