మూడో మనిషి కూడా కాదట!

మా పక్కింటి వదినకి కుడి మణికట్టు విరిగి మూడు నెలలయింది. పాత గాజువాక జంక్షన్ దగ్గర, హైవే మీద లారీల నుంచి రాలిన ఇసుకలో అన్నయ్యగారి మోటార్ సైకిల్ జారింది. నడిపే ఆయనకి మోచెయ్యి కాస్త గీసుకుపోయింది. వెనక ఒక పక్కకి తిరిగి, ఒళ్ళో కూరల సంచీతో కూర్చున్న వదిన రోడ్డు మీద పడింది. హెల్మెట్ ఆయన నెత్తిన ఉంది. చట్టం ఇద్దర్నీ పెట్టుకోమంటుంది గాని, మన ఇళ్ళల్లో తలకాయ ఒక్కరికే ఉంటుంది కదా!

ఆస్పత్రిలో వాచిపోయిన చేతి నుంచి గాజులు కత్తిరించి తీశారు. ప్లేటు వేసి స్క్రూలు బిగించారు. బిల్లు చూసి అన్నయ్యగారు ఇన్సూరెన్సు ఏజెంటుని పిలిపించారు.

"మీది ఉత్త థర్డ్ పార్టీ పాలసీ సార్. మేడమ్ గారికి రాదు" అన్నాడతను.

"నేను మూడో మనిషిని కానా బాబూ?" అంది వదిన మంచం మీంచే.

"కాదండీ. రోడ్డు మీద నడిచి వెళ్తుంటే బండి తగిలిందనుకోండి, అప్పుడు మీరు థర్డ్ పార్టీ. ఇప్పుడు బండి మీదే ఉన్నారు కదండీ!"

విన్నారా? ఆ బండి ముందుకి అడ్డం వచ్చిన దారిన పోయేవాడికి రక్షణ ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఆ బండి వెనక కూర్చున్న ఇల్లాలికి లేదు. కోపం వచ్చి తెలిసిన వకీలు గారిని అడిగాను. ఏజెంటు అబద్ధం చెప్పలేదట. ఉత్త థర్డ్ పార్టీ పాలసీ వెనక కూర్చున్నవాళ్ళకి వర్తించదని 2006లో సుప్రీంకోర్టే తేల్చిందట. బండి సొంతదారుడు తనే నడుపుతుంటే, అతని ప్రాణానికీ శాశ్వత వైకల్యానికీ 15 లక్షల ప్రమాద బీమా 2018లో వచ్చింది. వెనక సీటుకి కూడా రక్షణ కావాలంటే పాకేజీ పాలసీ తీసుకోవాలి. దానికి ఇంకొంచెం డబ్బు కట్టాలి. ఆ కొంచెమే అన్నయ్యగారు ఆదా చేశారు. ఆయన చెడ్డవారు కాదు సుమండీ! పెట్రోలు ట్యాంకు మీద గీత పడితే విలవిల్లాడే సున్నిత హృదయం ఆయనది. వెనక సీటు సంగతి తట్టలేదంతే.

"అదే ఏ లారీయో గుద్ది ఉంటే లారీ పాలసీ మీద ట్రిబ్యునల్‌కి వెళ్ళచ్చు. ఇంతకీ ఆవిడ ఏం చేస్తుంటారు?" అని అడిగారు వకీలు గారు.

ఇంటికొచ్చి ఆ ప్రశ్నే వదినని అడిగాను. "ఏం చేస్తానూ, ఇంట్లో ఖాళీగానే కదా ఉంటాను!" అంది.

నా పోట్లాట బీమా కంపెనీతో కన్నా ఈ మాటతోనే.

ఈ మూడు నెలలూ ఆ ఇంట్లో వంటమనిషి, అంట్లు తోమే మనిషి, మామగారికి వేళకి మందులిచ్చే మనిషి, పిల్లవాడికి లెక్కలు చెప్పే మాస్టారు... ఇంతమంది వచ్చారు. వాళ్ళ జీతాలన్నీ కలిపితే ఆస్పత్రి బిల్లులో సగం దాటింది. ఖాళీగా ఉండే మనిషి చెయ్యి విరిగితే ఇంత ఖర్చా?

చట్టం కూడా ఒకప్పుడు వదినలాగే మాట్లాడింది. 1994లో చేర్చిన పట్టికలో, సంపాదన లేని భార్య విలువని భర్త ఆదాయంలో మూడో వంతుగా కట్టారు. 2001 జనాభా లెక్కల్లో ఇల్లాళ్ళని బిచ్చగాళ్ళతో, ఖైదీలతో కలిపి పనిచెయ్యని వాళ్ళ జాబితాలో పెడితే, 2010లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. ఢిల్లీలో 2014లో మోటార్ సైకిల్ మీద వెళ్తూ కారు గుద్ది చనిపోయిన దంపతుల కేసులో, 2021 జనవరిలో మన తెలుగువారే అయిన జస్టిస్ ఎన్.వి. రమణ ఇల్లాలి శ్రమకీ ఆదాయం లెక్కగట్టాలని విడిగా తీర్పు రాశారు. ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారన్న 2019 నాటి ప్రభుత్వ సర్వేని అందులో చూపించారు.

"అమ్మ ప్రేమకి వెల కడతారా?" అని బుగ్గలు నొక్కుకునేవాళ్ళు ఉన్నారు. ప్రేమకి ఎవరూ కట్టమనలేదు నాయనా! పప్పుచారుకి కట్టమన్నాం. వంటమనిషి నెల తిరగ్గానే చెయ్యి చాచినప్పుడు ప్రేమ పేరు చెప్పి పంపించెయ్యగలరా? వెల లేనిదని పొగిడి విలువ లేనిదిగా చూడ్డం మన ఇళ్ళల్లో పాత విద్య. ఆ పొగడ్తకి పొంగిపోయి తలవంచడం మనం నేర్చుకున్న విద్య.

కోర్టు న్యాయమూర్తులు ఒప్పుకున్న సంగతి మనమే ఒప్పుకోకపోతే ఎలాగ? బీరువాలోంచి బండి పాలసీ తీసి చూడండి. అది ఆయన కాగితం కాదు, మీ ఒంటి మీది ఎముకల కాగితం. ఏ ఫారంలోనైనా వృత్తి అని అడిగితే గీత గీసి వదిలెయ్యకండి. చేసే పనులన్నీ వరసగా చెప్పండి. చోటు చాలకపోతే అది ఫారం తప్పు.

మొన్న పాలసీ తిరగరాయించడానికి ఏజెంటు వచ్చాడు. అన్నయ్యగారు పెన్ను తీస్తూంటే వంటింట్లోంచి వదిన వచ్చింది. ఇంకా సరిగా మడత పడని ఆ చేత్తోనే కాగితం అందుకుని అడిగింది:

"ఆగు బాబూ. ఇందులో వెనక సీటు ఎక్కడుందో ముందు చూపించు."