ముందు ఒక్క గది చాలు

బొమ్మరిల్లు కట్టడం కొత్తగా మొదలుపెట్టేవారు మూడంతస్తుల మేడ కిట్టు కొనేకన్నా ఒక్క వంటగదితో మొదలుపెట్టడమే మేలు. ఈ పనిలో అసలు విద్య కొలతే. ఎక్కువమంది వాడే 1:12 కొలతలో అడుగు అంగుళమవుతుంది; 30 అంగుళాల బల్ల రెండున్నర అంగుళాలకు దిగుతుంది. దాని మీద ఒక్క గిన్నె పెద్దదైనా గదంతా ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. మన ఏటికొప్పాక లక్కపిడతలు ఎంత ముచ్చటగా ఉన్నా, కొలవకుండా పెడితే ఇదే చిక్కు. బట్టతో ఇంకా కష్టం: గుడ్డను పన్నెండో వంతుకు కత్తిరించగలం గానీ నేత మందాన్ని తగ్గించలేం. అందుకే కర్టెన్ వేలాడకుండా అట్టలా నిలబడుతుంది. పలుచటి పాత నూలు చీర ముక్క అయితే కాస్త నయం. ఇవన్నీ ఒక్క గదిలోనే నేర్చుకుంటే తప్పు జరిగినా నష్టం తక్కువ.

కిట్టులో ముక్కలన్నీ కోసే ఉంటాయి, సులువు కదా అంటారు. నిజమే, కానీ అది అతికించడం నేర్పుతుంది, కొలవడం నేర్పదు. పెద్దవాళ్లకు ఈ పిల్లలాటలేమిటనేవారూ ఉన్నారు. అమెరికాలో ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ 1940లలో ఇదే 1:12 కొలతలో, మరణాలు జరిగిన గదుల నమూనాలను వడ్రంగి సాయంతో చేసి, ఆధారాలు గమనించడమెలాగో పోలీసులకు నేర్పించారు. చూపుకు అంత పదును పెట్టే పనిని పిల్లలాట అని కొట్టిపారేయలేం. స్కేలు, కట్టర్, జిగురు, అట్టముక్క దగ్గర పెట్టుకుని, ముందు మీ వంటింటి గట్టు కొలవండి.