మడవ తిప్పేది ఎవరు?



మేము అంటే భార్యాభర్తలం ఇద్దరం. ఏడుగురు పిల్లల్ని కన్నాం, ఆరుగురిని పెంచాం. కాగితం మీద పెట్టింది పిల్లల తండ్రి. రాసినదంతా పిల్లల తల్లి చదివించుకుని విన్నది, "అది అట్లా జరగలేదు" అన్నచోటల్లా దిద్దుకున్నాం. అట్లా దిద్దినచోట్లు చాలానే ఉన్నాయి.

ఈ మధ్య ఎక్కడ నలుగురు కూర్చున్నా పిల్లల సంఖ్య మాటే వస్తోంది. 2024 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు ఎక్కువమంది పిల్లల్ని కనాలన్నారు. ఆ నవంబరులోనే, ఇద్దరికంటే ఎక్కువమంది పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీసివేసింది. అప్పటినుంచి ప్రార్థన కూడిక అయ్యాక కొందరు యువకులు మమ్మల్ని చూపించి, "వీళ్లు పెంచలేదా అంతమందిని?" అంటున్నారు. ఆ వెంటనే "నారు పోసినవాడు నీరు పోయడా" అన్న సామెత కూడా వస్తుంది. పెంచాం, నిజమే. దేవుడు కాపాడాడు, అదీ నిజమే. కానీ దాని ఖరీదు ఎవరు కట్టారో చెప్పకపోతే మా సాక్ష్యం సగమే అవుతుంది.

మేము దివిసీమలో కౌలుకు చేసుకున్నవాళ్లం. నీరు కాలవలో ఉంటుంది. చేలోకి దానంతట అది రాదు. మన వంతు అర్ధరాత్రి వస్తే లాంతరు పట్టుకుని వెళ్లి మడవ తిప్పాలి. దేవుడు నీరు ఇస్తాడు, మడవ మనిషే తిప్పాలి. చేలో మడవ తండ్రి తిప్పాడు. ఇంట్లో మడవ మాత్రం పదిహేనేళ్లపాటు తల్లి ఒక్కతే తిప్పింది.

1977 నవంబరు 19 ఉప్పెనకు మాకు ఇద్దరు పిల్లలు. చిన్నదానికి ఆరు నెలలు. ప్రాణాలతో బయటపడ్డాం. ఇల్లు, గొడ్లు, పండిన వరి పోయాయి. ఆ తర్వాత చేలల్లో ఉప్పు పేరుకుపోయింది. కౌలు వదిలి ఈ పక్కకు వచ్చి రైసు మిల్లులో బస్తాలు మోసే పనిలో చేరాం. అప్పుల సంగతి ఇక్కడ రాయం. అప్పు అందరికీ తెలిసిందే.

రాయవలసింది కంచాల సంగతి. మా ఇంట్లో ముందు తండ్రి తినేవాడు, బరువు మోసేది ఆయన కాబట్టి. ఎండుచేప ఉన్నరోజు ముక్క ఆయనకే. తర్వాత మగపిల్లలు, ఆ తర్వాత ఆడపిల్లలు. చివర తల్లి. గిన్నెలో అడుగంటినది ఉంటే తినేది, లేకపోతే గంజిలో ఉప్పేసుకుని తాగేది. "మాకు లోటు లేదు ప్రభువా" అని ప్రతి రాత్రీ కుటుంబ ప్రార్థనలో చెప్పాం. చెప్పింది తండ్రి. ఆమె "ఆమెన్" అన్నది. ఆ ఆమెన్‌లో ఎంత ఆకలి ఉందో అప్పుడు మాకు వినపడలేదు.

మూడోవాడికి ఆరు నెలలు కూడా నిండకముందే నాలుగో కాన్పు నెల తప్పింది. కడుపుతో ఉన్న తల్లి పాలు బిడ్డకు పడవని పెద్దలన్నారు, పాలు మాన్పించాం. అట్లా మాన్పించనవసరం లేదని డాక్టర్లు చెబుతారు. బిడ్డకు గంజి పట్టాం, చిక్కిపోయాడు. 1981 వేసవిలో విరేచనాలు పట్టుకుంటే నీళ్లిస్తే ఇంకా ఎక్కువవుతాయని నీళ్లు ఆపాం. రెండోరోజు రాత్రి పోయాడు. లీటరు మంచినీళ్లలో ఓ.ఆర్.ఎస్. పొట్లం కలిపి కొద్దికొద్దిగా పట్టించడం, దగ్గరలోని ఆసుపత్రికి తీసుకురావడం, ఈ రెండూ మాకు తెలియవు. ఆ బిడ్డను ప్రభువు పిలుచుకున్నాడని సంఘంలో ఓదార్చారు. ఆ మాట మాకు ఆదరణే. కానీ దాని చాటున మేము దాక్కోకూడదు. ఒక కాన్పు తర్వాత మళ్లీ గర్భం రావడానికి కనీసం రెండేళ్లు వ్యవధి ఉండాలని ఈ ఆసుపత్రిలోనే చెబుతున్నారు. మాకు ఆరు నెలలు కూడా లేదు.

1988లో ఏడో కాన్పుకు వచ్చినప్పుడు రక్తపరీక్ష కాగితం మీద ఆరు గ్రాములు అని రాశారు. గర్భిణికి 11 గ్రాములు ఉండాలి, ఏడుకు లోపల ఉంటే ప్రాణానికే ముప్పు. ఒక పెద్ద నర్సమ్మ గారు కాగితం చూసి తండ్రిని అడిగిన మొదటి ప్రశ్న మందుల గురించి కాదు. "మీ ఇంట్లో చివర తినేది ఎవరయ్యా?" అన్నారు. జవాబు చెప్పలేకపోయాం.

కాన్పు తర్వాత రక్తస్రావం అయింది. రక్తం ఎక్కించాలి, బదులుగా ఇంటివాళ్లు రక్తం ఇవ్వాలి. పిల్లల తండ్రి వెనక్కి తగ్గాడు. బలం పోతే బస్తా ఎత్తలేను, కూలి పోతే ఐదుగురు పిల్లలు పస్తులుంటారు అన్నాడు. సంఘంలోని ముగ్గురు కుర్రవాళ్లు వచ్చి ఇచ్చారు. ఆ ముగ్గురిలో ఒకడు మర్నాడే సైకిల్ తొక్కుకుంటూ పనికి పోయాడు. ఒకసారి తీసేది 350 మిల్లీలీటర్లు. ఆరోగ్యంగా ఉన్న మగవాడు మూడు నెలలకొకసారి ఇవ్వవచ్చు. తెలియకపోవడం ఒకటి, భయం ఒకటి. ఆ రోజు మాలో ఉన్నది భయమే. ఈ పేరా రాయవద్దని పిల్లల తల్లి అన్నది. ఈ ఒక్కచోట ఆమె మాట వినలేదు.

ఆమె బతికింది. ఆపరేషన్ ఆమెకు చేయించాలని బంధువులు అన్నారు. ఆరు గ్రాముల రక్తంతో లేచిన మనిషికి మళ్లీ కత్తి పెట్టాలా? 1989లో తండ్రే చేయించుకున్నాడు. ఎమర్జెన్సీ రోజుల్లో 1976లో మగవాళ్లను పట్టుకుపోయి బలవంతంగా ఆపరేషన్లు చేసిన సంగతి ఎవరూ మరచిపోలేదు. అందుకని ఊరంతా భయపెట్టారు, మగతనం పోతుందన్నారు, నడుం పట్టేస్తుందన్నారు. ఉదయం వచ్చాడు, సాయంత్రం ఇంటికి వెళ్లాడు. నెల తిరిగేసరికి 75 కిలోల ధాన్యం బస్తా ఎప్పటిలాగే మోశాడు. ఒక్కటి గుర్తుంచుకోవాలి, ఆపరేషన్ అయిన వెంటనే పని చేయదు. మూడు నెలలు వేరే జాగ్రత్త పాటించి, తర్వాత పరీక్ష చేయించుకోవాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో దేశంలోని దంపతుల్లో ఈ ఆపరేషన్ ఆడవాళ్లు చేయించుకున్నది నూటికి 37.9, మగవాళ్లు చేయించుకున్నది 0.3. ఆ సర్వేలోనే గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారని తేలింది. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే మా ఇల్లే కనిపించింది.

కాబట్టి యువకులకు మా అభిప్రాయం ఇది. ఎంతమందిని కనాలో మేము చెప్పం. ప్రభుత్వం చెప్పినా, సంఘ పెద్దలు చెప్పినా అది భార్యాభర్తలిద్దరూ మోకరించి, కూర్చుని తేల్చుకోవలసిన మాట. గోపురం కట్టేవాడు ముందు ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువే ఉపమానం చెప్పాడు గదా. ఆ లెక్కలో భార్య రక్తం ఎన్ని గ్రాములో కూడా రాసుకోండి. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఐరన్ మాత్రలు గర్భిణి రోజుకొకటి చొప్పున ఆరు నెలలు మింగాలి. టీతో కాదు, నిమ్మకాయ నీళ్లతో. విరేచనం నల్లగా వస్తుందని మధ్యలో మానేయవద్దు, అది మామూలే. మాత్ర మింగిందో లేదో చూసే పని అత్తగారిది కాదు, భర్తది. విశ్వాసం తక్కువై మందులు అడుగుతున్నారని కొందరు వెక్కిరిస్తారు. మాలో అప్పుడు తక్కువైంది విశ్వాసం కాదు, పక్క మనిషి కంచంలోకి చూసే కన్ను.

మా పెద్దమ్మాయి కొడుకు భార్యకు ఇప్పుడు ఐదో నెల. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక అందరం వాళ్లింట్లో భోజనానికి కూర్చున్నాం. అలవాటు చొప్పున తాతయ్య కంచం ముందుకు జరిగింది. మనవడు చేపల కూర గిన్నె పట్టుకుని, "తాతయ్యా, కాసేపు ఆగండి" అని ముందు ఆ పిల్లకు రెండు ముక్కలు వడ్డించి, తర్వాత అమ్మమ్మ కంచం దగ్గరికి వెళ్లాడు. అమ్మమ్మ అలవాటు లేక చెయ్యి అడ్డం పెట్టింది. వాడు ఆ చెయ్యి పక్కకు జరిపి వడ్డించాడు.

తాతయ్య ఆగాడు.